పడి లేచు ఆటలు

గత సంవత్సరము మన పాఠశాలలో జరిగిన తలిదండ్రుల సమావేశమున ఒక పెద్దమనిషి లేచి, వీడియో ఆటలు పిల్లల చదువునకు పట్టిన చెదలని నుడివిరి. సభలోని వారందఱు తలలూపిరి. మేమును ఊపితిమి. సభ ముగిసిన పిదప తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు మా దగ్గఱకు వచ్చి, "మాస్టారూ! ఆ ఆటలు మీరెప్పుడైనా ఆడి చూశారా అండీ?" అని మెల్లగా అడిగెను. ఆడలేదని ఒప్పుకొనవలసి వచ్చినది. పాఠము చదువకయే దాని గుణదోషములు వ్రాసిన విద్యార్థికి మేము సున్న వేయుదుము. మఱి ఆటను చూడకయే తలయూపిన మాకు ఎవరు సున్న వేయవలెను?

ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. వేసవి సెలవులలో ఆ విద్యార్థినే గురువుగా చేసికొని, ఒక మిత్రుని యింటి కంప్యూటరు ముందు కూర్చుండి, కొన్ని ఆటలను ఆడితిమి. మా వ్రేళ్ళు మొదట మా మాట వినలేదు. శిష్యుడే గురువై నవ్వు నాపుకొనుచు, "ఇంకొక్కసారి చూడండి మాస్టారూ!" అని ప్రోత్సహించెను. ఆ విధముగా పడుచు లేచుచు మేమేర్పఱచుకొన్న అభిప్రాయములను విద్యార్థుల కొఱకును, అంతకంటె ముఖ్యముగా వారి తలిదండ్రుల కొఱకును ఇచ్చట విన్నవించుచున్నాము.

ముందుగా ఒక మనవి. వీడియో ఆటలన్నియు ఒక కోవకు చెందినవి కావు. పణమొడ్డి ఆడు ఆన్‌లైన్ ఆటలు వేఱు. వానిని నిషేధించుచు 2025 ఆగస్టులో మన పార్లమెంటు చట్టము చేసినది. ఉచితమని లోనికి పిలిచి, పిమ్మట రత్నములనియు, నాణెములనియు, అదృష్టపు పెట్టెలనియు అడుగడుగున అమ్ముచు పిల్లలచేత పెద్దల డబ్బు వ్యయపఱపించు ఫోను ఆటలు వేఱు. వీనిలో దేనిని మేము సమర్థింపము. మేము ఆడినవి వేఱొక జాతి ఆటలు. వానిని ప్లాట్‌ఫారమ్ ఆటలందురు. ఒక్కసారి వెల చెల్లించి కొన్నచో పుస్తకమువలె మనయొద్ద నుండును. మొదలు కలదు; తుద కలదు.

ప్లాట్‌ఫారమ్ అనగా రైలు కొఱకు వేచియుండు చోటు కాదు. ఒక అరుగు, దాని కెదురుగా మఱియొక అరుగు, నడుమ ఒక గోయి. ఆటలోని బొమ్మ ఈ యరుగునుండి ఆ యరుగునకు గంతు వేయవలెను. ఇంతే దాని మూలసూత్రము. 1981లో జపాను దేశపు నింటెండో సంస్థ వెలువరించిన డాంకీ కాంగ్, 1985లో వెలువరించిన సూపర్ మారియో బ్రదర్స్ అను ఆటలతో ఈ పద్ధతి లోకమంతట వ్యాపించినది. ఈ రెండింటిని కల్పించినవారిలో ముఖ్యుడు షిగెరు మియమోటొ. మనకు మాత్రము ఇది క్రొత్తదియా? తొక్కుడుబిళ్ళలో ఒంటికాలితో గీత తొక్కకుండ గడినుండి గడికి గెంతుట ఇదియే. కోతికొమ్మచ్చిలో కొమ్మనుండి కొమ్మకు దుముకుట ఇదియే. వైకుంఠపాళిలో పాము నోట బడినచో తప్పు గవ్వలది. ఇచ్చట గవ్వలు లేవు. గోతిలో పడినచో తప్పు మన వ్రేళ్ళదే. దాటినచో ఘనతయు మన వ్రేళ్ళదే.

మేము ఆడినవి పెద్ద కంపెనీలు వందలకొలది ఉద్యోగులతో చేసినవి కావు. ఒక్కరో, ఇద్దఱో, పదిమందియో కూడి స్వంత పూనికతో చేసినవి. వీనిని ఇండీ ఆటలందురు. స్వతంత్రముగా చేయబడినవని అర్థము. పెద్ద అచ్చు పత్రికలకును, విద్యార్థులు తమ చేవ్రాతతో నడపుకొను లిఖిత పత్రికకును ఎంత భేదమో, వీనికిని పెద్ద కంపెనీల ఆటలకును అంత భేదము. జపానులో డైసుకె అమయ అను ఒక్క మనుష్యుడు ఐదేండ్లు తీరికవేళల యందు శ్రమించి, చిత్రములు, సంగీతము, కథ, లెక్కలు అన్నియు తానే చేసికొని, 2004లో కేవ్ స్టోరీ అను ఆటను లోకమునకు ఉచితముగా ఇచ్చెను. జపాను భాషలోనున్న దానిని అభిమానులు కొందఱు ఇంగ్లీషులోనికి మార్చి, అదియు ఉచితముగనే పంచిరి. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొన గోరుచున్నాము. తుదిలో దీనితో పని కలదు.

మాకు అన్నింటికంటె నచ్చిన ఆట సెలెస్ట్. మ్యాడీ థార్సన్, నోయెల్ బెర్రీ అను వారు 2015లో నాలుగు దినములలో చేసిన ఒక చిన్న ఆట దీనికి బీజము. దానిని పెంచి, మఱికొందఱి తోడ్పాటుతో 2018 జనవరిలో పూర్తి రూపమున వెలువరించిరి. మ్యాడెలిన్ అను యువతి సెలెస్ట్ అను కొండ నెక్కుటకు బయలుదేఱును. కొండ క్రింద నొక ముసలమ్మ, ఇది నీవల్ల అగునా యని నవ్వును. ఏల ఎక్కుచున్నదో ఆ యువతికే తేటగా తెలియదు. ఆమెకు మనస్సులో దిగులు కలదు. ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకొని ఊపిరి యాడని భయము కలదు. నడుమ దారిలో ఆమె దిగులే అద్దము పగులగొట్టుకొని ఆమె రూపముననే బయటికి వచ్చి, "నీవల్ల కాదు, ఇంటికి పొమ్ము" అని వెంట తరుమును.

ఆటలో ఆమె చేయగలిగినవి మూడే: గంతు, గోడను పట్టుకొనుట, గాలిలో ఒక్కసారి దూసికొనిపోవుట. ఈ మూడింటితోనే వందలకొలది గదులను దాటవలెను. ఒక గదిలో మేము అఱువదిసార్లు పడితిమి. అయినను కోపము రాలేదు. ఎందుకనగా, పడిన మఱుక్షణమే ఆ గది మొదటనే మఱల నిలుచుందుము. తిట్లు లేవు, జరిమానా లేదు, తొలినుండి రమ్మను శిక్ష లేదు. పైగా ఎన్నిసార్లు పడితిమో ఆట లెక్కపెట్టి చూపుచు, ఆ లెక్కనుగూర్చి సిగ్గుపడవలదు, గర్వపడుమని చెప్పును. పడినకొలది నేర్చుచున్నావని దాని భావము. పరీక్షలో తప్పిన పిల్లవానితో ఈ మాట చెప్పిన పెద్దలు మనలో ఎందఱు?

ఇంకొక మర్మము మా చిన్న గురువు చెప్పినాడు. అరుగు అంచు దాటి కాలు గాలిలో పడిన తరువాత కూడ, కన్ను మూసి తెఱచునంతకంటె తక్కువ కాలము, గంతు వేయుటకు ఆట అవకాశమిచ్చును. తల ఒక మూలకు కొంచెము తగిలినచో ప్రక్కకు జరిపి పోనిచ్చును. ఆడువారికి ఇవి కంటబడవు. తామే సరిగా గెంతితిమని అనుకొందురు. ఇట్టి రహస్యపు దయలను కొన్నింటిని థార్సన్ 2020లో బహిరంగముగా వివరించినప్పుడు పెక్కుమంది ఆశ్చర్యపడిరి. మంచి ఉపాధ్యాయుడు దిద్దుబాటులో అర మార్కు కలుపుచు, కలిపితినని చెప్పకుండుట వంటిది ఇది. అదియును చాలనివారికి సహాయపు పద్ధతి యొకటి కలదు. ఆట వేగమును తగ్గించుకొనవచ్చును; అలసట లేకుండ చేసికొనవచ్చును; పడకుండ కూడ చేసికొనవచ్చును. చేతులు సరిగా సాగని పిల్లలు సైతము శిఖరము చూడవలెనని నిర్మాతల ఉద్దేశము.

కథ ముగింపునుగూర్చి ఎక్కువ చెప్పము. ఒక్క సంగతి మాత్రము చెప్పుదుము. మ్యాడెలిన్ తన దిగులును చంపి గెలువదు, తఱిమికొట్టి గెలువదు. పాతాళము దాక పడిపోయి, అచ్చట దానితో మాటలాడి, చేయి కలుపును. అప్పటినుండి ఆమె గాలిలో ఒకసారికి మాఱుగా రెండుసార్లు దూయగలదు. ఏ భాగమును చూచి సిగ్గుపడితిమో ఆ భాగమే బలమగును. ఈ మాటను మేము తరువాత మఱల తలచుకొందుము.

పడుట అన్ని యాటలలోను ఒకే రుచి నీయదు. ఎడ్మండ్ మెక్మిలెన్, టామీ రెఫెనెస్ అను వారిద్దఱు 2010లో చేసిన సూపర్ మీట్ బాయ్ కూడ పడి లేచునదే. మూడు వందలకు మించిన మెట్టులు కలవు. ఒక మెట్టు దాటిన వెంటనే, మనము పడిన ప్రయత్నములన్నియు ఒక్కసారిగా తెరమీద పరుగెత్తుచు చూపబడును. గుంపుగా పరుగెత్తిన నలువదిమందిలో ముప్పదితొమ్మండుగురు రాలిపోగా ఒక్కడు గమ్యము చేరును. ఆ నలువదిమందియు మనమే. ఈ దృశ్యము చమత్కారము. కాని నెత్తురు చిందించు ఆ మోటు హాస్యము మాకు రుచింపలేదు. చిన్న తరగతుల పిల్లలకు దీనిని మేము చెప్పము.

కప్‌హెడ్ అను ఆట 2017లో కెనడా దేశపు మోల్డెన్‌హవర్ సోదరులు చేసినది. 1930 ప్రాంతపు కదలు బొమ్మల సినిమాలవలె ప్రతి కదలికను చేతితో గీయించిరి. దీనికొఱకు ఇండ్లు సైతము తాకట్టు పెట్టిరని ప్రసిద్ధి. కప్పు తలలు గల అన్నదమ్ములు జూదమాడి సైతానుకు ఋణపడుటతో కథ మొదలగును. జూదపు ఫలము నింత నవ్వుచు చెప్పుట మెచ్చదగినదే. కంటికి ఇంతకంటె విందు మేము చూడలేదు. చేతికి మాత్రము శ్రమ యెక్కువ. ఒక్కొక్క రాక్షసునితో గంటలకొలది పోరవలెను. ఓడినచో ఆ పోరు మొదటినుండి ఆరంభింపవలెను. సెలెస్ట్‌లో కనుపించు కనికరము ఇచ్చట లేదు. కష్టము వేఱు, కాఠిన్యము వేఱు. మొదటిది విద్యార్థిని పెంచును. రెండవది నిలువగలవానిని మాత్రము నిలుపును. దిగ్భ్రమ గొలుపు ఆ చిత్రములను మెచ్చుకొనుచునే ఈ అభ్యంతరమును తెలుపుచున్నాము.

జొనాథన్ బ్లో 2008లో వెలువరించిన బ్రెయిడ్ అను ఆటలో పడుట యనునదే లేదనవచ్చును. పడిన వెంటనే ఒక మీట నొక్కినచో కాలము వెనుకకు నడచి, పడకముందరి నిలుపునకు వత్తుము. తప్పు దిద్దుకొనుట సులభమైన పిమ్మట ఆటలో కష్టమేమి మిగులును? ఆలోచన మిగులును. ఒక లోకమున మనము కుడికి నడచినచో కాలము ముందునకు, ఎడమకు నడచినచో వెనుకకు పోవును. మఱియొక లోకమున ఒక ఉంగరము క్రింద బెట్టినచో దాని చుట్టును కాలము మందగించును. గణితశాస్త్రమున ఒక సూత్రమును మార్చినచో తక్కిన లెక్క యెట్లు మారునో చూచినంత వినోదము కలిగినది. తొందరపడి ఇతరుల నడిగి సమాధానము తెలిసికొన్నచో ఈ యాటలో ఏమియు మిగులదు. మేమొక చిక్కును మూడు దినములు తల గోకికొని విడదీసితిమి. ఆ సంతోషము చెప్పనలవి కాదు.

రెండు ఆటలు మాటలే లేకుండ కథ చెప్పినవి. డెన్మార్కు దేశపు ప్లేడెడ్ సంస్థ 2010లో చేసిన లింబో అంతయు నలుపు తెలుపులే. ఒక చిన్న బాలుడు చెల్లెలినో, అక్కనో వెదకుచు చీకటి యడవిలో పోవును. నీడల నాటకమును చూచినట్లుండును. కాని ఆ బాలుడు పడునప్పుడెల్ల భయంకరమైన చావు చచ్చును. పెద్ద సాలెపురుగును చూచి మా కే రాత్రి నిద్ర చెడినది. చిన్న పిల్లలకు ఇది తగదు. స్పెయిన్ దేశపు బార్సిలోనా నగరమున నోమడా అను బృందము 2018లో చేసిన గ్రిస్ దీనికి పూర్తిగా ఎదురు. దుఃఖమువలన కంఠస్వరమును, లోకమున రంగులను కోల్పోయిన స్త్రీ నడచిపోవుచుండగా ఎఱుపు మొదలుకొని ఒక్కొక్క రంగే తిరిగి వచ్చును. అందు చావు లేదు. చేతి నేర్పు అంతగా అవసరము లేదు. ఇంటిలో ఆప్తులను పోగొట్టుకొన్న పిల్లలున్నచో, పెద్దలు వారి ప్రక్కన కూర్చుండి కలిసి ఆడదగిన ఆట ఇది.

హాలో నైట్ అను ఆటను ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరమున టీమ్ చెర్రీ అను చిన్న బృందము 2017లో చేసినది. భూమి క్రింద పురుగుల రాజ్య మొకటి శిథిలమై యుండును. దానిలో దారి తప్పుటయే పని. పటము ఊరక దొరకదు. దారిలో తారసిల్లు పటముల వర్తకుని వెదకి కొనవలెను. కొన్న పటము సగమే. మిగిలినది మనము నడచి చూచి, బల్లమీద విశ్రాంతిగా కూర్చున్నప్పుడే అందు చేరును. చూడని చోటు పటములో లేదు. ఫోను చెప్పిన దారిని పోవుటకే అలవడిన కాలమున ఇది మంచి శిక్షణ. దీని తరువాతి భాగమైన సిల్క్‌సాంగ్ 2019లో ప్రకటింపబడి, 2025 సెప్టెంబరు 4వ తేదీన గాని వెలువడలేదు. అన్నేండ్లు తొందరపడక పని చేసిన ఓర్పు ప్రశంసనీయము. ఆట మాత్రము మిక్కిలి దీర్ఘము. పరీక్షల ముందు మొదలుపెట్టదగినది కాదు.

ఇక మన పాఠశాల విద్యార్థులకు ప్రత్యేకముగా చెప్పవలసిన రెండు ఆటలకు వత్తుము.

మొదటిది ఫెజ్. కెనడాలోని మాంట్రియల్ నగరమున ఫిల్ ఫిష్ అను నతడు రెనో బెడార్డ్ తోడ్పాటుతో దీనిని నిర్మించి, కొన్నేండ్ల నిరీక్షణ పిమ్మట 2012లో వెలువరించెను. గోమెజ్ అను తెల్లని చిన్న ప్రాణి కాగితమువంటి చదునైన లోకమున జీవించుచుండును. ఒకనాడు తలపై ఎఱ్ఱటోపీ వచ్చి పడగానే లోకమునకు నాలుగు ప్రక్కలున్నవని తెలియును. ఇటునుండి చూచినప్పుడు ఆమడ దూరమున నున్న అరుగు, లోకమును పావు చుట్టు త్రిప్పి చూచినచో పాదము ప్రక్కనే యుండును. శత్రువులు లేరు. పడినచో నిలిచిన చోటికే మఱల వత్తుము. మా ఆశ్చర్యమునకు కారణము ఇవి కావు. ఆ లోకపు గోడలపై తెలియని లిపిలో వ్రాతలున్నవి. మొదట అవి అలంకారము లనుకొంటిమి. అవి అక్షరములే. ఒక గదిలోని నక్కను, కుక్కను చూచి, ఇంగ్లీషు అక్షరములన్నియు వచ్చు ప్రసిద్ధ వాక్యము నూహించుకొన్నవారికి ఆ లిపి తెలియవచ్చును. అప్పటివఱకు మూగయైన గోడలు మాటలాడును.

ఆ రాత్రి మా శిష్యుడు ఒక నోటుపుస్తకమున ఆ గుర్తులను వరుసగా వ్రాసికొనుచు పండ్రెండు గంటల దాక మేలుకొన్నాడు. మన పిల్లలకు ఈ యనుభవము క్రొత్తది కాదు. ఇంట తెలుగు, వీధిలో ఒడియా, కచేరీ కాగితములపై ఇంగ్లీషు, సినిమా గోడపత్రికలపై హిందీ. ఏడేండ్లు నిండకముందే నాలుగు లిపులతో తలపడు పిల్లలు మన పిల్లలు. దీనిని బరువని పెద్దలు జాలిపడుచుందురు. లోకమును నాలుగు ప్రక్కలనుండి త్రిప్పి చూచుటయే గదా ఇది! గోమెజ్ టోపీ మన పిల్లల తలలపై పుట్టుకతోనే యున్నదని మా యభిప్రాయము.

రెండవది నెవర్ ఎలోన్. ఉత్తర అమెరికా ఖండపు కొసన, మంచు దేశమైన అలాస్కాలో ఇన్యుపియాట్ అను ఆదివాసి జాతి కలదు. వారి భాషను మాట్లాడువారు నేడు కొద్ది వేలమంది మాత్రమే. అందు పెక్కుమంది వృద్ధులు. అచ్చటి ఆదివాసుల సంక్షేమము చూచు కుక్ ఇన్లెట్ ట్రైబల్ కౌన్సిల్ అను సంస్థ, పిల్లలకు తాతల కథలు చేర్చుటకు ఏది దారియని యోచించి, ఆటయే దారియని నిశ్చయించి, ఈ-లైన్ మీడియా అను సంస్థతో కలిసి 2014 నవంబరులో దీనిని వెలువరించినది. ఆగని మంచుతుపాను గ్రామమును పీడించుచుండగా, నూనా యను బాలిక ఒక తెల్లనక్కను తోడు గొని దాని మూలమును వెదకుచు పోవును. రాబర్ట్ నాస్రుక్ క్లీవ్‌లాండ్ అను కథకుడు చెప్పిన ప్రాచీన కథ దీనికి ఆధారము. ఆ కథకుని కుమార్తె అనుమతి పొందిన పిమ్మటనే దానిని వాడుకొనిరి.

కథ యంతయు ఇన్యుపియాట్ భాషలోనే చెప్పబడును. వృద్ధుని కంఠము వినవచ్చుచుండగా క్రింద ఇంగ్లీషు అనువాదము కనుపించును. దారిలో గుడ్లగూబలు కనుపడినప్పుడెల్ల ఆ జాతివారే తమ వేట, తమ మంచు, తమ నమ్మికలనుగూర్చి చెప్పు చిన్న చలనచిత్రము తెఱచుకొనును. 2015లో దీనికి బ్రిటిషు అకాడమీవారు తొలి యాటకిచ్చు బహుమానము నొసగిరి. లోపములు లేకపోలేదు. మేము ఒంటరిగా ఆడునప్పుడు తోడు నక్క తానే పోయి గోతిలో పడిన సందర్భములు కలవు. గంతులు సెలెస్ట్‌లోవలె బిగువుగా లేవు. రెండు మూడు మధ్యాహ్నములలో ముగిసిపోయినది. ఆట నేర్పున దీనికి మేమిచ్చు స్థానము మధ్యమము. కాని ఇది చేసిన పనిలో దీనికి సాటి మేము చూడలేదు.

దీని నాడుచున్నప్పుడు ఆ విద్యార్థి, "ఇది ఏ భాష మాస్టారూ?" అని యడిగెను. చెప్పితిమి. ఎంతమంది మాట్లాడుదురని యడిగెను. అదియు చెప్పితిమి. కొంతసేపు ఊరకుండి, "మరి మన భాషలో ఎందుకు లేదండీ?" అనెను.

2011 జనాభా లెక్కల ప్రకారము భారతదేశమున తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలమంది. సెలెస్ట్‌లోని మాటలు ఫ్రెంచి, జర్మను, ఇటాలియను, స్పానిషు, రష్యను, జపాను, కొరియా, చీనా భాషలలో చదువుకొనవచ్చును. మేము ఆడిన ఆటలలో నొక్కదానియందును తెలుగు అక్షరము కనుపింపలేదు. మన పిల్లలలో కొందఱు దీనివలన ఒక నిర్ణయమునకు వచ్చుచున్నారు: తెలుగు పద్యములకు, పెండ్లిపత్రికలకు పనికివచ్చును, క్రొత్తవానికి పనికిరాదు. తెలుగు మాధ్యమమున చదువుచున్నామని ఇతర పాఠశాలల మిత్రులకు చెప్పుటకు సిగ్గుపడువారిని మేమెఱుగుదుము. రాష్ట్రము వెలుపల నున్న మనకు ఈ సిగ్గు మఱింత ప్రమాదకరము. బడిలో తెలుగు తరగతి మూతపడుటకు ప్రభుత్వపు ఉత్తరువే రానక్కఱలేదు. పిల్లలు చేరుట మానినను చాలును.

ఇందు తప్పు ఎవరిదని వెదకుట వ్యర్థము. ఆస్ట్రేలియా యువకులు తెలుగు నేర్చి మనకొఱకు ఆట చేయరు. కేవ్ స్టోరీని ఇంగ్లీషులోనికి మార్చినవారు ఎవరి జీతగాండ్రును కారు. ఆ యాటను ప్రేమించినవారు. మనకొఱకు చేయవలసినవారు మనమే. అనువాదము ఒక మెట్టు. మన కథ మనము చెప్పుట పైమెట్టు. మన యిండ్లలో నాయనమ్మలు, అమ్మమ్మలు చెప్పు కథలు అచ్చులో లేవు. ఏ కాలమునందో ఈ ప్రాంతమునకు వలసవచ్చిన మన పెద్దలు దాటిన ఏఱులు, త్రవ్విన చెఱువులు, కట్టిన గుడులు ఆ కథలలో కలవు. దాటుటయు, ఎక్కుటయు గదా గంతుల ఆటకు కావలసిన సామగ్రి!

తలిదండ్రులకు మా విన్నపము: ఆటను నిషేధింపకముందు పిల్లవాని ప్రక్కన ఒక అరగంట కూర్చుండి చూడుడు. వెల ఒక్కసారియే ఇచ్చినదా, లోపల మఱల డబ్బడుగునా యని విచారింపుడు. ముగింపు కలదా యని యడుగుడు. నిద్రను, భోజనమును, చదువును, మైదానపు ఆటను మ్రింగివేయు నాట ఎంత మంచిదైనను చెడ్డదే. ఆటల వ్యసనమును ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగముల పట్టికలో చేర్చినది. 2022 జనవరినుండి ఆ పట్టిక అమలులోనికి వచ్చినది. కాబట్టి మీ భయము నిరాధారము కాదు. భయపడవలసిన దానినుండి భయపడనక్కఱలేని దానిని వేఱుచేయుడని మాత్రమే మేము వేడుకొనుచున్నాము.

విద్యార్థులకు మా సూచన: ఆడి ఊరకుండవలదు. 1985లో మారియో మెట్టులను గళ్ళ కాగితముపైననే గీసిరి. గళ్ళ కాగితము మీ లెక్కల పుస్తకముననే కలదు. కంప్యూటరున్నవారు స్క్రాచ్ వంటి ఉచిత సాధనముతో బొమ్మలను నడపవచ్చును. వాని మాటలను తెలుగు లిపిలో వ్రాయవచ్చును. లేనివారు కాగితమునే వాడుడు. మీ యింటి పెద్దలను అడిగి ఒక కథ వ్రాసికొనుడు. అందులో ఎచ్చట గంతు, ఎచ్చట గోయి, ఎచ్చట విశ్రాంతి యుండవలెనో గళ్ళలో గీయుడు. పడినవానికి మీ యాట ఏమి చెప్పునో ఆలోచింపుడు. తిట్టునా, మఱల లెమ్మనునా? దానినిబట్టియే మీ యాట గుణము తెలియును. మంచి పటములను మన పత్రిక రాబోవు సంచికలో ప్రకటింపగోరుచున్నాము.

సమావేశమున తలయూపిన తప్పును మేము ఇట్లు దిద్దుకొంటిమి. ఏ భాషను చూచి కొందఱు పిల్లలు సిగ్గుపడుచున్నారో, ఆ భాషతోనే చేయి కలిపినచో మ్యాడెలిన్‌వలె వారు రెండుసార్లు దూయగలరని మా నమ్మిక. ఆ తొమ్మిదవ తరగతి విద్యార్థి ఇప్పుడు పదవ తరగతికి వచ్చినాడు. మొన్న ఒక గళ్ళ కాగితము తెచ్చి చూపెను. అందొక చెఱువుగట్టు, ఒక మఱ్ఱిచెట్టు, ఊడనుండి ఊడకు గెంతు పిల్లయొకతె. ప్రక్కన వాని నాయనమ్మ చెప్పిన మాటలు తెలుగున వ్రాసియున్నవి. రెండు అక్షరదోషములు కలవు. దిద్దితిమి. కాగితము నచ్చినదని మాత్రము వానితో చెప్పి పంపితిమి.